అత్తగారి మోకాళ్ళతో కొండాపూర్ దాకా

యాత్ర అనగానే కాశీ, బదరీ ఊహించుకునే పాఠకులు ముందుగానే నన్ను క్షమించాలి. మేము వెళ్ళింది మెదక్ జిల్లా కొండాపూర్ దాకా. మా ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చు. మాకు మాత్రం దారిలోనే రోజులు పట్టాయి. ఎందుకంటే మేము ఊళ్ళు చూడటానికి బయల్దేరలేదు. మా అత్తగారి మోకాళ్ళకు మందు వెతుక్కుంటూ బయల్దేరాము.

డెబ్భైల మొదట్లో మాట ఇది. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇతరులు చేసిన వస్తువును కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపడం నా ఉద్యోగం. అందుకని నాకు విభాగంలో పెద్దగా స్నేహితులు లేరు. ఆ ఏడు మా ఆవిడ కమలకు ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, చేతిలో ఉన్న ఫ్యాక్టరీ ఆసుపత్రిని వదులుకోవడం ఎందుకని, కమలను పంపడానికి బదులు వాళ్ళమ్మనే ఇక్కడికి రప్పించాము. వెంకాయమ్మగారు దివిసీమ నుంచి ఒక ట్రంకు పెట్టె, రెండు పచ్చడి జాడీలు, వాచిన మోకాళ్ళతో దిగారు.

ఆవిడ నేల మీద కూర్చోలేరు. కూర్చుంటే లేవలేరు. కాళ్ళు బారచాపలేరు. మిగతావి ఎలా ఉన్నా ఈ చివరిదే ఆవిడను కుంగదీసింది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పసిబిడ్డను ఆ కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి నీళ్ళు పోయడం అమ్మమ్మ పని. ఆవిడకు కమల ఒక్కతే కూతురు. ఈ బిడ్డకు ఇంకెవరో నీళ్ళు పోస్తుంటే తాను కుర్చీలో కూర్చుని చూడాలా అని కూతురి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఆ సంగతి తెలియని నేను, "ఈ వయసులో శ్రమ ఎందుకు, ఆయాను పెట్టుకుందాం" అని ఉదారంగా అన్నాను. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

ఆసుపత్రి డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆవిడ కడుపుకు పడలేదు. అప్పుడు మా విభాగంలో ఖలాసీగా పనిచేసే యాదయ్య కలగజేసుకున్నాడు.

"గోలీలతోని గాదు సార్. మా అత్త సాయమ్మ కొండాపూర్ల ఉంటది, ఆకు కాపుడం పెడ్తది. దారిపొంటి మందు తెలిసినోళ్ళు ఇంకో ముగ్గురున్నరు. అందరికీ సూపిద్దాం. ఏది పనిజేస్తే గదే వాడుకోండ్రి."

ఏది పనిచేస్తే అదే అన్న మాట నాకు బాగా నచ్చింది. అది తనిఖీవాడి మాట.

ఇక్కడొక చిక్కు ఉంది. మా ఇళ్ళలో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. నేను గదిలోకి వస్తే ఆవిడ తలుపు చాటుకు వెళ్తారు. నేను కూర్చుంటే ఆవిడ నిలబడతారు, ఆ మోకాళ్ళతోనే. నాతో చెప్పవలసినవి కమలతో చెబుతారు, కమల లేకపోతే గోడతో చెబుతారు. ఇక అల్లుడికి మోకాలు చూపించడమన్న ప్రశ్నే లేదు. టేపు పెట్టి వాపు కొలుద్దామన్న నా ఆలోచన అక్కడే ముగిసింది. దానికి బదులు ఒక పద్ధతి కనిపెట్టాను. ఇప్పుడున్న నొప్పిని పదహారణాలు అనుకోవాలి. ఒక్కో మందు తర్వాత ఎన్ని అణాలు తగ్గిందో యాదయ్యతో చెప్పాలి, యాదయ్య నాతో చెప్పాలి. కమలను పక్క క్వార్టరు పంజాబీ ఆవిడకు అప్పగించి, సెలవు పెట్టి, ముగ్గురం బయల్దేరాము.

పటాన్‌చెరు

ఆ రోజు పటాన్‌చెరులో సంత. సీతాఫలాల కాలం. రూపాయికి గంపెడు ఇస్తున్నారు. మా ఊళ్ళో ఆ ధరకు అరటిపళ్ళు కూడా అన్ని రావు. గొంగళ్ళు, మేకలు, మట్టికుండల మధ్య నుంచి యాదయ్య మమ్మల్ని ఒక గానుగ దగ్గరికి తీసుకుపోయాడు. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు తిరుగుతోంది, నువ్వుల నూనె వాసన వీధంతా ఉంది.

గానుగ ముసలాయన మాకు ముందు కూర్చోమని మంచం వాల్చాడు. నేను కూర్చున్నాను. అత్తగారు నిలబడ్డారు. నేను లేచాను. ఆవిడ అప్పటికీ కూర్చోలేదు. ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది, లొల్లి పెట్టుకున్నరా ఇద్దరు?" అని యాదయ్యను అడిగాడు.

"లొల్లి కాదు తాతా. మర్యాద."

"గిదేం మర్యాద! కూసో బిడ్డా, కాళ్ళు నొస్తయని వస్తివి."

నేను వీధిలోకి పోయి నిలబడ్డాక ఆవిడ కూర్చున్నారు. గానుగలోంచి అప్పుడే దిగిన గోరువెచ్చని నూనెను ఆ ఇంటి కోడలు మోకాళ్ళకు మర్దన చేసి, జిల్లేడాకులు పెనం మీద వెచ్చజేసి పైన వేసి గుడ్డతో కట్టింది. మా వైపు కూడా జిల్లేడాకు కడతారు గానీ ఆముదంతో కడతారు. నువ్వుల నూనా, ఆముదమా అని లోపల ఆడవాళ్ళ మధ్య చాలాసేపు వాదం నడిచింది. అత్తగారు అంత గట్టిగా మాట్లాడగలరని నాకు అప్పుడే తెలిసింది. నూనె సీసా ఇచ్చి ముసలాయన ముప్పావలా పుచ్చుకున్నాడు. కట్టు కట్టినందుకు ఏమీ తీసుకోలేదు.

మర్నాడు కట్టు విప్పాక యాదయ్య కబురు తెచ్చాడు: "నాలుగణాలు తగ్గిందంట సార్."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తొలి మందుకే పావు వంతు!

కంది

ఆ కట్టు కట్టిన రాత్రి పడుకున్నది కందిలో, యాదయ్య చుట్టాల ఇంట్లో. ఈ రోడ్డు పొడుగునా ఏ ఊళ్ళో దిగినా అతనికి ఒక చిన్నాయనో బామ్మర్దో ఉండేవాడు. బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు, చేలల్లో మంచెలు. ఇక్కడ ఉదయం పలహారం జొన్నరొట్టె, పచ్చిపులుసు. పులుసును కాచకుండా తాగడమేమిటని అత్తగారు మొదట అనుమానంగా చూసి, తర్వాత రెండోసారి పోయించుకున్నారు. రొట్టె మాత్రం ఆవిడకు కొరుకుడు పడలేదు. అన్నం లేని పూటను ఆవిడ పూటగా లెక్కపెట్టరు.

కందిలో మందు వేసేది కిష్టయ్య. అసలు అతను ఎద్దుల వైద్యుడు. కుంటే ఎద్దుకు కీలు మీద వాత పెడతాడు, మనిషికైతే జీడిచుక్కలు పెట్టిస్తాడు. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజే అది. దాన్ని సూదికి గుచ్చి దీపం మీద పట్టుకుంటే నల్లని నూనె ఊరుతుంది. ఆ నూనెను నొప్పి ఉన్నచోట చుక్కలుగా పెడతారు. కొట్టంలో ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క అత్తగారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కుడి మోకాలికే పెట్టుండ్రి, గదే ఎక్కువ వాచింది" అని భార్యకు చెప్పి కిష్టయ్య బయటికి వచ్చాడు. నాతో మాత్రం ఒక మాట గట్టిగా అన్నాడు. "ఇది కొందరి ఒంటికి పడది సార్. బొబ్బ లేస్తే కొబ్బరినూనె రాసి నాకు చెప్పాలె. ఎద్దుతోని నాకు ఫికర్ లేదు, నొస్తే తంతది. మనిషితోనే కష్టం."

ఈ మాట యాదయ్య ద్వారా లోపలికి పంపించాను. లోపలినుంచి జవాబు వచ్చింది: "మంటేమీ లేదని చెప్పు నాయనా. ఇందాకటికంటే నాలుగణాలు తగ్గింది."

సంగారెడ్డి

బస్సులో ఒక్క సీటే దొరికింది. అత్తగారిని కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. "అల్లుడుగారిని కూర్చోమను నాయనా, నేను నిలబడతాను" అని ఆవిడ యాదయ్యతో, "కదలొద్దని చెప్పు" అని నేను యాదయ్యతో. ఇది రెండు మూడుసార్లు అయ్యాక కండక్టరుకు విసుగొచ్చింది. "మీ ముగ్గుర్ల ఎవరికి సీటొద్దో చెప్పుండ్రి, నేను కూసుంట" అన్నాడు.

సంగారెడ్డిలో ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి నా మాట విని, "ఆంధ్రోళ్ళా?" అని అడిగాడు. అప్పట్లో ఆ ప్రశ్నకు మాకు గుండె కొంచెం దడదడలాడేది. మా మాట వినగానే మొహం తిప్పుకున్నవాళ్ళను నేను చూశాను. మేం వచ్చి వాళ్ళ ఉద్యోగాలు తీసుకున్నామన్న వాళ్ళ కోపంలో అబద్ధమూ లేదు. అవునన్నాను. ఆయన గుమ్మం అవతల నిలబడి ఉన్న అత్తగారి వైపు చూశాడు. ఆవిడ కుడికాలు నేల మీద సరిగ్గా ఆనించడం లేదు. "పెద్దమ్మకు కుర్సీ ఎయ్యిరా!" అని లోపలికి కేకేసి, తన బిస్కట్ల పళ్ళెం ఆవిడకు పంపాడు. యాదయ్య చెప్పిన మూడో మనిషి, యునానీ వైద్యం చేసే హకీంసాబ్ ఇంటికి దారి కూడా ఆయనే చూపించాడు.

హకీంసాబ్ పద్ధతి అత్తగారికి బాగా నచ్చింది. ఆడవాళ్ళు పరదా అవతల కూర్చుని చెయ్యి మాత్రం ఇవ్వాలి. ఆయన కళ్ళు మూసుకుని నాడి చూస్తాడు. "ఎంత మర్యాదస్తుడో!" అని ఆవిడ యాదయ్యతో నాకు వినబడేలా అన్నారు. ఆ మెచ్చుకోలులో నాకు కొంచెం చురక ఉందేమోనని ఇప్పటికీ అనుమానం.

"పరేషాన్ గావద్దు అమ్మా. దర్ద్ పాతది, జల్దీ పోదు" అన్నాడు హకీంసాబ్. సురంజాన్ అనే దుంపను దంచి తేనెలో కలిపిన లేహ్యం ఇచ్చాడు. డబ్బా రూపాయిన్నర. పుల్లనివి తినొద్దన్నాడు. దివిసీమ మనిషితో గోంగూర మానమని చెప్పడం సులువు. మానడం చూడాలి.

మర్నాడు పొద్దున్న యాదయ్య కళ్ళు నలుపుకుంటూ వచ్చాడు. "నాలుగణాలు, సార్."

నాలుగూ నాలుగూ నాలుగూ పన్నెండు. ఇంకో నాలుగణాలు పోతే అత్తగారు పరుగులు తియ్యాలి. కానీ మెట్టు దిగడానికి ఆవిడ గోడ పట్టుకున్నారు. కుక్కి మంచం మీద పడుకోవడం వల్ల ఒళ్ళు పట్టేసి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో ఏ కొలతా మూడుసార్లు ఒకేలా రాదు. అలా వస్తే ముందు కొలిచేవాణ్ణి అనుమానించాలి. ఆ పాఠం కుర్రాళ్ళకు నేర్పే నేను, సెలవులో ఉన్నాను కదా, దాన్ని మరిచిపోయాను.

కొండాపూర్

బస్సు దిగాక సాయమ్మ ఇంటికి ఎడ్లబండి మాట్లాడుకున్నాము. ఎర్రనేల, తాటిచెట్లు, కోతకొచ్చిన జొన్న. దారిలో కల్లు దింపుతున్న ఒకాయన యాదయ్యను పలకరించి, ఒక ముంత పట్టిస్తే మోకాళ్ళ నొప్పులు అసలు గుర్తుండవని చెప్పాడు. అత్తగారు అటు తిరిగి కూర్చున్నారు గానీ భుజాలు కదిలాయి, నవ్వుతున్నారని తెలిసింది.

సాయమ్మ యాదయ్యకు అత్తే కాదు, మేనత్త కూడా. చిన్నప్పుడు చంకనేసుకు తిరిగిన మనిషి. అల్లుణ్ణి చూసి ఆమె తలుపు చాటుకు పోలేదు, ఎదురొచ్చింది.

"ఏందిరా యాదిగా, గింత బక్కగైనవ్? నా బిడ్డ వండుతలేదా, నువ్వు తింటలేవా?"

"వండుతుందత్తా. నీ లెక్క కారం ఏస్తది, తినలేకపోతున్న."

నేను, అత్తగారు ఒకరికొకరు తెలియకుండా అటు ఇటు చూశాము. అల్లుణ్ణి రా అని పిలిచే అత్తను చూడటం మా ఇద్దరికీ కొత్త. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటూనే ఒకే పళ్ళెంలో సీతాఫలాలు తింటుంటే నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

సాయమ్మ అత్తగారిని లోపలికి తీసుకుపోయింది. కొంచెంసేపటికి సాయమ్మ కేక వినిపించింది. మరుక్షణం ఆమె గుమ్మంలో ఉంది.

"ఇద్దరు మొగోళ్ళు ఎంబడుండి ఏం జేస్తున్నర్రా? కుడికాలు నిండ బొబ్బలున్నయి! జీడి పడలే ఆమెకు. ఒకటి పగిలి చీరకంటుకున్నది!"

యాదయ్య తెల్లబోయాడు. "నాలుగణాలు తగ్గిందన్నదే అత్తా..."

"నాలుగణాలేంది? ఏం బేరం ఇది?"

కందిలో బస్సెక్కినప్పటినుంచి ఆవిడ ఆ కాలితోనే నడిచారు, నిలబడ్డారు, నన్ను కూర్చోమన్నారు. సాయమ్మ కాలు కడిగి, కొబ్బరినూనె రాసి, మెత్తని గుడ్డ కప్పింది. పచ్చిపుండు మీద ఏ ఆకూ వెయ్యనని, అది మానేదాకా కుడికాలి జోలికి పోనని తేల్చి చెప్పింది.

నేను అరుగు మీద కూర్చుని, "ముందే ఎందుకు చెప్పలేదో అడుగు యాదయ్యా" అన్నాను. యాదయ్య నోరు తెరిచాడు. సాయమ్మ అతన్ని చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు అడుగకు. నేను గూడ చెప్ప. మీ ఇద్దరికీ నోరున్నది, నడిమిట్ల గోడున్నది. గోడ అవతలికెల్లి మాట్లాడుకోండ్రి."

లోపలినుంచి అత్తగారు సన్నగా, "తగ్గలేదండీ" అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు నేరుగా నాతో అన్న తొలి మాట అది.

"దేనికీ తగ్గలేదా?" అన్నాను.

"జిల్లేడాకు కట్టిన రాత్రి వెచ్చగా హాయిగా ఉంది. తెల్లారేసరికి మామూలే. జీడి సంగతి చూశారు కదా. ఆ లేహ్యానికి కడుపులో తిప్పింది."

"మరి నాలుగణాలని..."

"మీరు సెలవు పెట్టుకుని, డబ్బు పెట్టుకుని, బస్సులో నిలబడి నన్ను తిప్పుతున్నారు. మీ మొహం మీద తగ్గలేదని ఎలా అననండీ? అయినా అదొక్కటే కాదు. తగ్గలేదని తెలిస్తే మీరు ఆయాను పెట్టేస్తారు. ఆవిడ ఎంత మంచిదైనా కమలకు అమ్మ కాదు కదా."

నాకు దుఃఖం వచ్చింది. ఆవిడ నొప్పిని నేను అణాల్లో అడిగాను. ఆవిడకు కావలసింది నొప్పి పోవడం కాదు, బిడ్డ. ఆ ఒక్క మాట నేను గోడకు ఇవతల నుంచి ఎప్పుడో అడిగి ఉండవలసింది. "ఆయాను పెట్టనండీ" అన్నాను. "మీకు తగ్గినా, తగ్గకపోయినా పెట్టను. కానీ ఇకనుంచి నిజం చెప్పాలి."

"చెబుతాను" అన్నారు.

సాయమ్మ ఏమీ జరగనట్టు వావిలాకు తెచ్చి కుండలో ఉడకబెట్టింది. ఆ వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి ఎడమ మోకాలి చుట్టూ కాపడం పెట్టి, ఉడికిన ఆకును ఆముదంలో వెచ్చజేసి కట్టింది. ఇక్కడ బాలింతలకు ఈ ఆకు వేసి కాచిన నీళ్ళే పోస్తారట. ఇంటి వెనక పొలం గట్టంతా ఆ పొదలే, మందుకు ఖర్చు లేదు. ఆ పూట భోజనంలో సాయమ్మ మా కోసమని ప్రత్యేకంగా అన్నం వండింది. అత్తగారు తృప్తిగా తిన్నారు.

"ఎలా ఉందండీ?" అని గోడనడిగాను.

"కాపడం పెట్టగానే బాగుంది. కాలు చాపగలిగాను. ఇప్పుడు మళ్ళీ బిగుసుకుంటోంది."

"ఎంతసేపు బాగుందంటారు?"

"సాయమ్మ ఎసరు పెట్టినప్పటినుంచి అన్నం వార్చేదాకా."

అంతేనా అని నా ప్రాణం ఉసూరుమంది. ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇంత బాధ పెట్టి, చివరికి అన్నం ఉడికేంతసేపా! ఆ మాట పైకి అనేశాను కూడా. లోపల అత్తగారు నవ్వారు. చాటు నవ్వు కాదు, గొంతెత్తి నవ్విన నవ్వు.

"బిడ్డకు నీళ్ళు పోయడానికి అంతకన్నా ఎంతసేపు కావాలండీ?"

తిరిగి ఇంటికి

కుడికాలు మానేదాకా సాయమ్మ మమ్మల్ని కదలనివ్వలేదు. సెలవు పొడిగించాను. వచ్చేటప్పుడు వావిలి కొమ్మలు గోనెసంచి నిండా కట్టింది, అయిపోగానే యాదయ్యతో పంపుతానంది. దారిలో కందిలో దిగి కిష్టయ్యకు బొబ్బల సంగతి చెప్పాము. అతను తిట్టాడు, బాధపడ్డాడు, కొబ్బరికాయ ఒకటి చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఎవరైనా మోకాళ్ళకు ఏ మందు మంచిదని నన్నడిగితే, వావిలాకు కాపడంతో కాస్త ఊరట ఉంటుందని, కీళ్ళ నొప్పిని మాయం చేసే ఆకేదీ నాకు తగల్లేదని, జీడి జోలికి మాత్రం పోవద్దని చెబుతాను.

కమలకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఒక ఉదయం వెనక వరండాలో కుంపటి మీద వావిలాకు ఉడికింది. పంజాబీ ఆవిడ కాపడం పెట్టింది. అత్తగారు కొంచెం ఎత్తయిన పీట వేసుకుని, గోడకు ఆనుకుని, రెండు కాళ్ళూ చాపారు. నేను ముందు గదిలో ఉండి వింటున్నాను. బిడ్డ ఏడుపు, నీళ్ళ చప్పుడు, అమ్మమ్మ బుజ్జగింపులు. పంజాబీ ఆవిడ బిడ్డను తువ్వాల్లో చుట్టుకుని కమల దగ్గరికి తీసుకుపోయింది. ఎంతసేపటికీ అత్తగారు లోపలికి రాలేదు.

గుమ్మం దాకా వెళ్ళి, అలవాటుగా తల తిప్పుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంకా పీట మీదే ఉన్నారు. పమిట సర్దుకోలేదు, గోడ వైపు చూడలేదు. నావైపే చూస్తూ తడిచెయ్యి చాచారు.

"నొప్పి మళ్ళీ వచ్చేసింది నాయనా. ఇలా వచ్చి నన్ను లేవదియ్యి."

వెళ్ళి లేవదీశాను.